స్లైడు మూసుకున్న చప్పుడు

ఓబుళపతికి వచ్చిన చిక్కు పిస్తోలు మీద ఉండే ఒక చిన్న మీట దగ్గర మొదలైంది.

అతను పోలీసు శిక్షణ కేంద్రంలో రిజర్వు సబ్ ఇన్‌స్పెక్టరు. కొత్తగా చేరిన కానిస్టేబుళ్లకు ఆయుధం పట్టడం నేర్పిస్తాడు. ఆ ఏడు పై శిక్షణకని ఉత్తరాదికి పంపితే మూడు నెలలు ఉండి, రెండు లావుపాటి నోటు పుస్తకాలు నింపుకుని వచ్చాడు. పిస్తోలులో ఎన్ని ముక్కలున్నాయో, ఏ ముక్కను ఏ దేశంలో ఏమని పిలుస్తారో అన్నీ అందులో ఉన్నాయి. రాగానే గోడంత చార్టు గీయించి తరగతి గదిలో వేలాడదీశాడు. పైన ముందుకూ వెనక్కూ జరిగే ఇనుప తొడుగు స్లైడు. దాన్ని ముందుకు తోసేది లోపలి స్ప్రింగు. పిడిలోకి దూరే గుళ్ల పెట్టె మ్యాగజైన్. ఇలా ముప్పై ఎనిమిది పేర్లు, ముప్పై ఎనిమిది బాణం గుర్తులు.

ముప్పై ఏడింటితో ఏ గొడవా లేదు. చివరి దానితోనే వచ్చింది.

మ్యాగజైన్‌లో గుళ్లన్నీ అయిపోతే స్లైడు వెనక్కి వెళ్లి అక్కడే ఆగిపోతుంది. దాన్నలా పట్టి ఆపేది ఎడమ పక్కనున్న చిన్న మీట. కొత్త మ్యాగజైన్ పెట్టాక అదే మీటను బొటనవేలితో కిందికి నొక్కితే స్లైడు ముందుకు దూకి మూసుకుంటుంది. మరి ఆ మీట ఆపేదా, వదిలేదా? ఒక పుస్తకం దాన్ని స్లైడ్ స్టాప్ అంటుంది. ఇంకో పుస్తకం స్లైడ్ రిలీజ్ అంటుంది. ఓబుళపతిది రిలీజ్ పక్షం. అతని తోటి ఇన్‌స్ట్రక్టరు ఒకాయనది స్టాప్ పక్షం. దాని పని ఆపడం వరకేననీ, మూయాలంటే స్లైడును వెనక్కి లాగి వదలాలే తప్ప మీట జోలికి పోకూడదనీ ఆయన వాదన. ఇద్దరూ మెస్సులో ఇడ్లీలు చల్లారేదాకా వాదించుకునేవాళ్లు. మీట మాత్రం ఆపాల్సినప్పుడు ఆపుతూ, వదలాల్సినప్పుడు వదులుతూ తన పని తాను చేసుకుపోయేది.

ఈ తగవు ఇడ్లీల దగ్గరే ఆగిపోయి ఉంటే చెప్పుకునేందుకు ఏమీ లేదు. మధ్యలో సుంకమ్మ ఇరుక్కుంది.

సుంకమ్మ ఆ బ్యాచిలో ట్రెయినీ కానిస్టేబులు. బేతంచెర్ల దగ్గర ఊరు. పేర్లన్నీ అందరికంటే ముందు అప్పజెప్పింది ఆ పిల్లే. చార్టుకు వీపు పెట్టి నిలబెట్టినా ముప్పై ఎనిమిదీ గుక్క తిప్పుకోకుండా చెప్పేది. ఓబుళపతి ఆమెను మిగతావాళ్లకు చూపించి, "చూసి నేర్చుకోండి" అని మురిసిపోయేవాడు. పరుగులో ముందుండేది. పరేడులో వంక పెట్టేందుకు లేదు. గురి కూడా మంచిదే. అయినా ఫైరింగ్ పరీక్షలో రెండుసార్లు తప్పింది.

పరీక్ష ఏమంత పెద్దది కాదు. అయిదు గుళ్లు కాల్చాలి, మ్యాగజైన్ మార్చాలి, మళ్లీ అయిదు కాల్చాలి. అంతా ముప్పై సెకన్లలో అయిపోవాలి. సుంకమ్మ మొదటి అయిదూ చక్కగా టార్గెట్టులో పెట్టేది. మ్యాగజైన్ మార్చేది, స్లైడు మూసేది, ట్రిగ్గరు నొక్కేది. పిస్తోలు ఉలకదు, పలకదు. చూస్తే స్లైడు పూర్తిగా మూసుకోకుండా గోరంత దూరంలో ఆగిపోయి ఉండేది. ఆ గోరంత సందు ఉన్నంతసేపూ ట్రిగ్గరు ఎంత నొక్కినా దండగే. ఆమె దాన్ని సర్దుకునేలోపు టైము అయిపోయేది.

మూడోసారి తప్పితే ఇంటికి పంపేస్తారు. అది ఆ కేంద్రం నియమం. మూడో పరీక్ష శనివారం. ఇంటి దగ్గర తల్లి, చదువుకునే తమ్ముళ్లిద్దరు ఈ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకుని ఉన్నారని ఓబుళపతికి తెలుసు.

అతనికి కారణమూ తెలుసు. తెలుసుననుకున్నాడు. సుంకమ్మది ఎడమచేతి వాటం. మీట ఉండేది పిస్తోలుకు ఎడమ పక్కన, కుడిచేత్తో పట్టినవాడి బొటనవేలికి అందేలా. ఎడమచేత్తో పడితే బొటనవేలు అవతలి పక్కకు పోతుంది. అందుకని కుడిచేతికి మార్పించాడు. ఆమె మారు మాట్లాడకుండా మార్చుకుంది. గురి కాస్త చెదిరింది కాని, బొటనవేలు మాత్రం చార్టులో చూపించినట్టే మీట మీద పడుతోంది. అతను వంగి వంగి ఆ బొటనవేలినే చూసేవాడు. వేలు సరిగ్గానే నొక్కేది. స్లైడు గోరంత దూరంలో ఆగిపోయేది. పిస్తోలు మార్చి చూశాడు. మ్యాగజైన్ మార్చి చూశాడు. ఏం మార్చినా అదే గోరంత.

మంగళవారం మధ్యాహ్నం దస్తగిరి మాస్టారు దగ్గరికి వెళ్లాడు.

దస్తగిరి ఆ కేంద్రంలో ఆర్మరర్. చెడిన ఆయుధాలను బాగుచేసే మనిషి. హెడ్ కానిస్టేబులుగా రిటైరై ఆరేళ్లయినా, ఆయన చెయ్యి పడకపోతే ఇనుము మాట వినడం లేదని మళ్లీ పిలిపించుకున్నారు. ఓబుళపతికి మొదట తుపాకీ పట్టించింది ఆయనే. హోదాలో శిష్యుడు ఎప్పుడో గురువును దాటిపోయాడు. అయినా ఆయుధాలుండే ఆర్మరీ గడప దగ్గర టోపీ తీసి లోపలికి వెళ్లే అలవాటు అతనికి పోలేదు.

మాస్టారు నేల మీద పాత పంచె గుడ్డ పరిచి, కిరసనాయిల్లో ముంచిన పళ్ల బ్రష్షుతో ఏదో ముక్కను తోముతున్నాడు. ఆ ముక్క పేరేమిటని అడిగితే ఆయన "ఇది" అంటాడు. దాని పక్కది "అది". ముప్పై ఏళ్ల పాటు ఈ రెండు పేర్లతోనే కొన్ని వేల మందికి నేర్పాడు.

"మాస్టారూ, మీరొక మాట తేల్చాల" అన్నాడు ఓబుళపతి.

"కూర్చో నాయనా."

"స్లైడును మీట నొక్కి మూయాల్నా, వెనక్కి లాగి మూయాల్నా?"

"ఎవురు?"

"ఎవురేంది మాస్టారూ? అందరికీ ఒకటే పద్ధతి ఉండాల కదా. నేను నొక్కమంటాండా. ఆయప్పేమో లాగాలంటాడు. పిల్లోల్లు ఎవురి మాట వినాల? సుంకమ్మకైతే వేలు కూడా కుదిరింది, అయినా మూసుకోదు. నాకు తిక్క లేస్తాండాది. పద్ధతి ఇదీ అని మీరు ఒక్క మాట అంటే ఇద్దరం నోరు మూసుకుంటాం."

మాస్టారు బ్రష్షు పక్కన పెట్టాడు. లేచి ఇనుప బీరువా తెరిచి, అడుగు అరలోంచి గుడ్డలో చుట్టిన పిస్తోలొకటి తీశాడు. చిన్నది, పాతది. ఏదో కేసులో పట్టుబడి, కోర్టు పని అయిపోయాక అక్కడికి చేరినట్టుంది. పిడికి కట్టిన చీటీ పసుపు పచ్చగా మారిపోయింది. ఖాళీగా ఉందని తాను చూసుకుని, ఓబుళపతికీ చూపించాడు. స్లైడు వెనక్కి లాగి ఆగేలా చేశాడు. కాల్చడానికి పనికిరాని డమ్మీ గుళ్లు రెండు మ్యాగజైన్‌లో పెట్టి, రెండూ అతని చేతికిచ్చాడు.

"మూయి."

ఓబుళపతి పిస్తోలు మూతిని గోడ దగ్గరున్న ఇసుక పెట్టె వైపు తిప్పి, మ్యాగజైన్ లోపలికి కొట్టాడు. అలవాటు ప్రకారం బొటనవేలు పైకి వెళ్లింది. అక్కడ ఏమీ లేదు. వేలు కొంచెం ముందుకు జరిగింది. అక్కడా లేదు. వెనక్కి జరిగింది. నున్నటి ఇనుము. ఆ పిస్తోలుకు మీట బయటికి రాలేదు, ఉన్నదంతా లోపలే.

"ఏమి నాయనా వెతుకుతాండావు?"

ఓబుళపతి చెవులు ఎర్రబడ్డాయి. ముప్పై ఎనిమిది పేర్లు తెలిసిన మనిషి బొటనవేలు ఒట్టి ఇనుము మీద ఎండు గోడెక్కిన చీమలా తిరుగుతోంది. చివరికి ఎడమచేత్తో స్లైడును కాస్త వెనక్కి లాగి వదిలాడు. ఠక్కున మూసుకుంది.

మాస్టారు పిస్తోలు తీసుకుని, ఖాళీ చేసి, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాడు. మళ్లీ కూర్చుని బ్రష్షు అందుకున్నాడు.

ఓబుళపతి తనకు అర్థమైందనుకుని, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

అర్థమైంది ఏమిటో బుధవారం పొద్దున అందరికీ తెలిసింది. చార్టులో ముప్పై ఎనిమిదో బాణం దగ్గర రిలీజ్ అన్న మాట మీద తెల్ల కాగితం అతికించి స్టాప్ అని రాశాడు. "ఈ రోజునుంచి ఎవరూ మీట ముట్టుకోకూడదు. లాగి వదలడమే పద్ధతి. ఏ పిస్తోలుకైనా అదొక్కటే పనికొస్తుంది" అని ప్రకటించాడు. నిన్నటిదాకా లాగినవాళ్లను తిట్టిన నోటితోనే నొక్కినవాళ్లను తిట్టాడు. స్టాప్ పక్షం ఆయన ఆ పూట మెస్సులో తన గుడ్డు కూడా తీసి ఓబుళపతి ప్లేటులో వేశాడట.

లాగడానికి ఏ చెయ్యయినా ఒకటే కాబట్టి సుంకమ్మకు ఎడమచేతి పట్టు తిరిగొచ్చింది. ఆమె ముఖం విప్పారింది. ఎడమచేత్తో పిస్తోలు, కుడిచేత్తో స్లైడు. ఓబుళపతి పక్కనే వంగి, పూర్తిగా వెనక్కి లాగుతోందా లేదా అని చూశాడు. పూర్తిగానే లాగింది. ట్రిగ్గరు నొక్కింది.

గోరంత.

"మళ్లీ" అన్నాడు. మళ్లీ గోరంత. ఇరవైసార్లు చేయిస్తే పదమూడుసార్లు అంతే.

"సార్, నేను పోతానా సార్?" అంది. ఇంటికి పంపించేస్తారా అని ఆ మాటకు అర్థం. ఓబుళపతికి కోపం వచ్చింది. కోపం వచ్చినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఎవరికీ కనబడకుండా ఇంకాస్త గట్టిగా అరిచాడు.

గురువారం సాయంత్రం మళ్లీ ఆర్మరీకి వెళ్లాడు. ఈసారి చేతిలో ఒక కాగితం ఉంది. ఆయుధ శిక్షణకు అనర్హురాలు అని పెన్సిలుతో రాసి తెచ్చాడు. సిరాతో రాసేందుకు చెయ్యి రాలేదు.

"నొక్కించి చూసినా. లాగించి చూసినా. రెండూ అయిపోయినాయి మాస్టారూ. శనివారం అందరి ముందర తప్పి ఏడ్చేకంటే ముందే చెప్పి పంపిస్తే మర్యాదగా పోతాది కదా."

మాస్టారు కాగితం చదివి తిరిగి ఇచ్చేశాడు.

"నువ్వు చూసినావు" అన్నాడు. "బాగా చూసినావా?"

"కండ్లు పోయేటట్లు చూసినా."

"అట్లనా. రేపు పొద్దున అందర్నీ డమ్మీలతో వరసగా నిలబెట్టు. ఎవురికిష్టమొచ్చినట్ల వాళ్లు మూయొచ్చని చెప్పు. నొక్కేవాళ్లు నొక్కనీ, లాగేవాళ్లు లాగనీ. నువ్వు వచ్చి నా పక్కన కూర్చో."

శుక్రవారం పొద్దున ఫైరింగ్ రేంజిలో ఎర్ర జెండా ఎగరేశారు. మూడు పక్కలా గుట్టలు, ఎదురుగా మట్టి దిబ్బ, దాని ముందు టార్గెట్ బోర్డులు. ఆ దిబ్బ వైపు తిరిగి పన్నెండు మంది ట్రెయినీలు వరసగా నిలబడ్డారు. వాళ్ల వెనక ఇరవై అడుగుల దూరంలో మాస్టారు రెండు స్టూళ్లు వేయించాడు. ఒకదాని మీద కూర్చున్నాడు. మామూలుగా కాదు. ట్రెయినీలకు వీపు పెట్టి, గేటు వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.

"నువ్వూ ఇట్లనే కూర్చో."

"ఇట్ల కూర్చుంటే ఏం కనబడతాది మాస్టారూ?"

"గేటు కనబడతాది."

ఓబుళపతి కూర్చున్నాడు. వాళ్లను గమనించుకోవడానికి రేంజి హవల్దారు వరస పక్కన నిలబడి, ఒక్కొక్కరినీ పేరు పిలవకుండా భుజం తట్టి మూయమంటున్నాడు.

మ్యాగజైన్ దూరిన చప్పుడు. ఆ వెంటనే ఠక్. మొదటి మనిషి.

మళ్లీ ఠక్. రెండో మనిషి. మూడో మనిషి. ఎనిమిది ఠక్కులు ఒకే రకంగా వినిపించాయి. గుట్టకు తగిలి, వినబడీ వినబడనట్టుగా తిరిగొచ్చాయి. గేటు దగ్గర ఒక మేక కంచె సందులోంచి తల దూర్చి వీళ్లిద్దరినీ చూస్తోంది.

తొమ్మిదో మనిషి. మ్యాగజైన్ దూరిన చప్పుడు. ఆ తర్వాత ఏదో మెత్తగా జారినట్టు చిన్న సవ్వడి. అంతే.

పదో మనిషి ఠక్. పదకొండు. పన్నెండు.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు మాస్టారు గేటునే చూస్తూ. "ఎంతమంది నొక్కినారు? ఎంతమంది లాగినారు?"

ఓబుళపతి ఆలోచించాడు. ఆ పన్నెండు చప్పుళ్లనూ మనసులో మళ్లీ విన్నాడు.

"తెలీలేదు."

"ఏమి తెలిసింది మరి?"

"తొమ్మిదోది... ఆ చెయ్యి వదల్లేదు."

"ఎవురది?"

ఓబుళపతి వెనక్కి తిరగబోయి ఆగిపోయాడు. తిరిగి చూడాల్సిన పని లేదు. ఇన్నాళ్లూ అతను బొటనవేలిని చూశాడు. ఎంతవరకు లాగుతోందో చూశాడు. స్లైడు మీద ఉన్న రెండో చెయ్యి దానితోపాటే ముందుకు వచ్చి, నెమ్మదిగా ఆనించి, అప్పుడు గాని పక్కకు తప్పుకోవడం లేదని చూడలేదు. నొక్కినప్పుడూ ఆ చెయ్యి పైనే ఉంది. లాగినప్పుడూ అంతే. స్ప్రింగును ఒంటరిగా పంపకుండా గుమ్మందాకా సాగనంపుతోంది. స్ప్రింగుకు ఊపు చాలక గోరంత దూరంలో ఆగిపోతోంది.

మాస్టారు స్టూలు మీదనుంచి లేచి, మోకాళ్లు పట్టుకుని ఒకసారి మూలిగి, ఆర్మరీ వైపు నడిచిపోయాడు. మేక కూడా తల వెనక్కి తీసుకుంది.

ట్రెయినీలు నీళ్లు తాగడానికి పోయాక ఓబుళపతి సుంకమ్మను పిలిచాడు. అరవలేదు. ఏ పేరూ చెప్పలేదు.

"ఏమ్మా, మూసేటప్పుడు చెయ్యి దాంతోపాటే పోతాండాది. ఏంటికి?"

ఆమె తన కుడిచేతిని చూసుకుంది. తనది కాని చేతిని చూసినట్టు చూసింది.

"తెలీదు సార్. నాకు తెలీకుండానే పోతాండాదేమో."

"ఇనుము దెబ్బతింటాదని భయమా?"

"లేదు సార్. నేను ఏది మూసినా అంతే సార్" అంది. "హాస్టల్లో గూడా నవ్వుతారు. ట్రంకు పెట్టె మూసినా చప్పుడు కాదు. మా నాయన నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు సార్. పగలంతా పండుకుంటాడు. ఉండేది ఒకే గది. తలుపు చప్పుడైతే లేస్తాడు. లేస్తే ఇంక నిద్ర పట్టదు, మళ్లా రాత్రికి మిషను కాడ కండ్లు మూతలు పడతాయి. ఒకసారి అట్లనే వేలు తెగింది. అప్పటినుంచి అమ్మ మాకు తలుపు మూసేది నేర్పించింది సార్. చెయ్యి అడ్డం పెట్టి, నెమ్మదిగా ఆనించి, అప్పుడు వదలాల. తలుపు, బిందె, ట్రంకు పెట్టె, ఏదైనా అంతే."

"ఇప్పుడూ రాత్రి షిఫ్టేనా మీ నాయనకు?"

"లేడు సార్. పోయి రెండేండ్లాయె. దుమ్ముకు ఊపిరితిత్తులు పోయినాయన్నారు."

ఓబుళపతి చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. నిన్న తాను పెన్సిలుతో రాసిన కాగితం అందులోనే ఉంది.

ఆమెను రేంజి పక్కనున్న స్టోరు గది దగ్గరికి తీసుకెళ్లాడు. టార్గెట్ బోర్డులు పెట్టుకునే గది అది. దానికి బరువైన ఇనుప తలుపు.

"మూయి" అన్నాడు.

ఆమె తలుపు పట్టుకుని తోసింది. చివర్లో అరచెయ్యి సందులో అడ్డం పెట్టి, నెమ్మదిగా ఆనించి, చెయ్యి తీసేసింది. చీమకు కూడా తెలియకుండా మూసుకుంది.

"మళ్లీ."

మళ్లీ అంతే. తనే నవ్వింది. మూడోసారి నవ్వలేదు. నాలుగోసారి తలుపును గట్టిగానే తోసింది, కాని చెయ్యి పరుగెత్తి పోయి అందుకుంది. ఓబుళపతి ఆమె చెయ్యి పట్టుకోలేదు. ఎలా తొయ్యాలో చూపించలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎండ ఎక్కుతోంది.

ఎనిమిదోసారో తొమ్మిదోసారో ఆమె తలుపును తోసి, రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది.

తలుపు ధడాలున మూసుకుంది. గోడ మీది సున్నం పెచ్చులు రాలాయి. నీళ్ల దగ్గరున్న ట్రెయినీలందరూ ఇటు తిరిగి చూశారు. సుంకమ్మ మూసుకున్న తలుపును చూస్తూ అలాగే నిలబడింది. తర్వాత చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. ఓబుళపతి పక్కకు తిరిగి, రాలిన పెచ్చులను బూటుతో ఒక మూలకు నెట్టాడు.

ఆ సాయంత్రం ఆర్మరీకి వెళ్లి సంగతంతా మాస్టారుకు చెప్పాడు. ఆయన మొత్తం విన్నాడు. "ఊఁ" అన్నాడు. కిరసనాయిలు డబ్బాకు మూత పెట్టాడు. ఓబుళపతి జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పకుండానే నూనె గుడ్డల బుట్టలో పడేశాడు. తరగతి గదిలో చార్టు మీద అతికించిన తెల్ల కాగితం గాలికి ఒక మూల ఊడి వేలాడుతోంది. దారిలో చూశాడు గాని ఆగి అతికించలేదు.

శనివారం పొద్దున పరీక్ష. ముందు నెగ్గినవాళ్లతో సహా ఒక్కొక్కరే వెళ్లి కాల్చి రావాలి. కమాండెంటు దూరంగా కుర్చీలో కూర్చున్నాడు. వాచీ పట్టుకుని టైము చూసేది స్టాప్ పక్షం ఇన్‌స్ట్రక్టరు. దస్తగిరి మాస్టారు కూడా స్టూలు వేయించుకుని ఒక పక్కన కూర్చున్నాడు.

సుంకమ్మ వంతు తొమ్మిదోది.

ఆమె ముందుకు నడుస్తుంటే ఓబుళపతి కాళ్లు వాటంతటవే రెండడుగులు వేశాయి. కనీసం పక్కన నిలబడితే బాగుండుననిపించింది. చెయ్యి తీసెయ్ అని చిన్నగా ఒక్క మాట అందిస్తే చాలు. నిన్న తలుపు దగ్గర వచ్చింది ఇవాళ చేతికి రాకపోతే? ఇంత చేసి, చివరికి ఒక్క మాట దగ్గర పొదుపు చేస్తే ఆ పిల్ల బతుకేం కావాలి?

"ఓబుళపతీ."

మాస్టారు పిలుస్తున్నాడు. క్యాంటీను మనిషి అప్పుడే ఇచ్చిపోయిన టీ గ్లాసు ఆయన చేతిలో ఉంది. అంచుదాకా నిండుగా ఉంది.

"ఇది కొంచెం పట్టుకో నాయనా. రెండు చేతుల్తో. ఒలకనీకు."

ఈ సమయంలో టీ ఏమిటని విసుక్కుంటూనే పట్టుకున్నాడు. వేడికి వేళ్లు చురుక్కుమన్నాయి. గ్లాసు ఎంత నిండుగా ఉందంటే అడుగు వేస్తే ఒలుకుతుంది. నోరు తెరిచి అరిచినా ఒలికేలా ఉంది. మాస్టారు ఖాళీ అయిన చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని గుట్ట వైపు చూస్తున్నాడు.

విజిల్ మోగింది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు.

గుట్టల మధ్య చప్పుడు తిరిగి తిరిగి అణిగిపోయింది. ఓబుళపతి తల ఎత్తలేదు. టీ మీద సన్నగా అలలు పుడుతున్నాయి. అవి అంచు దాటకుండా చూడటమే అతని పనైపోయింది. ఖాళీ మ్యాగజైన్ నేల మీద పడింది. కొత్తది లోపలికి దూరింది. ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో వాచీ పట్టుకున్న ఆయనకు తెలియాలి. ఓబుళపతికి మాత్రం వేళ్లు కాలిపోయేంతసేపు గడిచింది.

ఠక్.

ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు.

"ఇరవై ఆరు" అని అరిచాడు వాచీ చూసే ఆయన.

సుంకమ్మ పిస్తోలు ఖాళీ చేసి చూపించి, బల్ల మీద పెట్టింది. స్టాప్ పక్షం ఆయన గబగబా ఓబుళపతి దగ్గరికి వచ్చాడు. వాచీ వైపు కళ్లు పెట్టుకోవడం వల్ల అసలు విషయం ఆయన చూడలేకపోయాడు.

"ఏమప్పా, ఏం చేసింది? లాగిందా, నొక్కిందా?"

"నేను చూళ్లేదు" అన్నాడు ఓబుళపతి.

"ఈడే నిలబడి చూళ్లేదా? ఏం చేస్తాంటివి మరి?"

"టీ పట్టుకోనుంటి."

ఆయన ఒకసారి గ్లాసు వంకా, ఒకసారి ఓబుళపతి ముఖం వంకా చూసి, తల విదిలించుకుంటూ పదో మనిషిని పిలవడానికి పోయాడు.

సుంకమ్మ వచ్చి ఇద్దరి ముందూ నిలబడి సెల్యూట్ చేసింది. నెగ్గినట్టు లేదు ఆమె ముఖం. ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టుంది. కుడి అరచేతిని ప్యాంటుకు తుడుచుకుంటోంది.

"సార్, చప్పుడు మరీ గట్టిగా అయిందా సార్?"

ఓబుళపతి ఆ గ్లాసును అలాగే రెండు చేతులతో పట్టుకుని మాస్టారు వైపు చూశాడు.

దస్తగిరి మాస్టారు గుట్ట మీదనుంచి చూపు తిప్పి ఆ పిల్లను చూశాడు.

"గట్టిగానే అయింది తల్లీ" అన్నాడు. "అయినా మీ నాయన నిద్ర చెడలేదు లే."